నానబెట్టని రబ్బరు

“ఆ పన్నెండు డ్రమ్ముల జిగురు నేనే పాడుచేశానని ఒక్క మాట అనెయ్. నిన్నైతే మహా అంటే ఊడ్చే పనిలో వేస్తారు. నాకైతే ఉద్యోగమే పోతుంది” అన్నాడు భర్త, ఆమె తన చొక్కా కాలరు రుద్దుతుంటే చూస్తూ. “మాట పడితే ఒళ్లేమైనా అరిగిపోతుందా?” అని వంతపాడింది అత్తగారు. కోడలి చేతుల్లో సాల్వెంట్ కంపు అని రోజూ ముక్కు మూసుకునేదీ ఆవిడే.

మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. చెప్పుల కంపెనీలు రబ్బరు పంపిస్తే, దాన్ని సాల్వెంట్లో కరిగించి జిగురు చేసిస్తారు. రబ్బరు వాళ్లది, చాకిరీ వీళ్లది, డబ్బా మీద పేరు మళ్లీ వాళ్లదే. ఇంట్లోనూ ఆమెది అదే ఒప్పందం.

రబ్బరు మొండిఘటం. ముక్కలు కోసి, సగం సాల్వెంట్ పోసి, తెల్లారేదాకా నాననివ్వాలి. ఉబ్బి మెత్తబడ్డాకే మిగతాది కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పాలి. తొందరపడి అంతా ఒకేసారి పోస్తే పైకి జారుగానే కనిపిస్తుంది, లోపల గడ్డలు అలాగే ఉండిపోతాయి. చేతుల తోలు ఊడగొట్టుకుని ఇదంతా కనిపెట్టింది ఆమె. పెళ్లైన కొత్తలో మురిపెంగా భర్తకు నేర్పింది. అతను అది తన తెలివేనని యజమానికి చెప్పుకుని సూపర్‌వైజర్ అయిపోయాడు. ఆ రోజు ఆమె పక్కనే ఉంది. మొగుడి పరువు తన పరువు కాదా అనుకుని నవ్వుతూ నిలబడింది. ఆ నవ్వు గుర్తొస్తే తన మీద తనకే అసహ్యం వేస్తుంది. పదకొండేళ్లుగా అతని కిందే కూలి చేస్తోంది.

ఇవాళ పొద్దున, సరుకు సాయంత్రానికే కావాలని ఓ చెప్పుల కంపెనీ నుంచి ఫోనొచ్చింది. నానలేదు, వద్దని ఆమె చెబుతూనే ఉంది. “నాకు నేర్పేంతదానివయ్యావా?” అని అందరి ముందూ కసిరి, అంతా పోయించి మర తిప్పించాడు. సాయంత్రం వడపోస్తే జల్లెడ నిండా గడ్డలే.

ఇప్పుడు ఆ తప్పు నెత్తిన వేసుకోమంటుంటే, ఆమె అతని చొక్కా జాడించి ఆరేసింది. ఆమె ఒప్పుకున్నట్టే అతను అనుకున్నాడు.

మర్నాడు యజమాని ఇద్దరినీ పిలిచాడు. కర్రతో ఓ గడ్డను పైకెత్తి, “ఎవరి పని ఇది?” అన్నాడు.

“తెలియక చేసిందండి, పాపం” అన్నాడు భర్త, ఆమె వంక జాలిగా చూస్తూ.

ఆ జాలి ఆమె భరించలేకపోయింది.

“నేను కాదండి. నేనైతే నానకుండా మర ముట్టుకోను. ఈయనకు ఈ పని నేర్పిందే నేను. పదకొండేళ్ల కిందటే మీకు చెప్పాల్సింది.”