తెల్లగోడ ముందు స్టూలు

ఫొటో మాస్టారు పొద్దున్నే షట్టర్ ఎత్తి, తెల్లగోడను పొడిగుడ్డతో తుడిచి, దాని ముందు స్టూలు వేసేవాడు. పాస్‌పోర్టు ఫొటోలకు ఆయన పెట్టింది పేరు. ఆ గోడకో గుణం ఉంది. విదేశం వెళ్లేవాళ్లు దాని ముందు కూర్చుంటే, వాళ్లు దేనికి భయపడుతున్నారో అది ఫొటోలో వెనకాల పడుతుంది. కూలుతున్న విమానం, నోరు తెరిచిన సొరచేప, కత్తి పట్టుకున్న దొంగ. పాస్‌పోర్టు ఆఫీసువాళ్లకేమో వెనక తెలుపు తప్ప మరొకటి పనికిరాదు. అందుకని మాస్టారు ఆ మనిషిని కాసేపు కబుర్లలో పెట్టి, భయం దిగాక మళ్లీ తీసేవాడు.

చెడిన ఫొటోలు పారేయడు. సొరుగులో దాచి, వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక పిలిచి మరీ చూపిస్తాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క సొరచేపా ఎవర్నీ కరవలేదు. విమానమంటే వణికిన లెక్చరర్ హోటల్ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. దొంగలకు జడిసిన దర్జీ, అక్కడ బళ్లు ఎటునుంచి వస్తాయో చూసుకోక రోడ్డు మీద దెబ్బ తిన్నాడు. పులికి భయపడి వెళ్లి చీమ చేత కుట్టించుకొచ్చారని మాస్టారు ఆటపట్టించేవాడు.

ఆయన భార్య రేవులో క్రేన్ నడుపుతుంది. ఓడ మీది కంటైనర్‌ను గుడ్డు దించినట్టు దించుతుందని పేరు. సముద్రం అవతలి రేవువాళ్లు, ఏడాదిపాటు వచ్చి మా వాళ్లకు నేర్పమని ఆమెకు ఉత్తరం రాశారు. మాస్టారు ఆ ఉత్తరాన్ని కౌంటర్ అద్దం కింద పెట్టి, వచ్చినవాళ్లందరి చేతా చదివించాడు. దరఖాస్తుకు ఆఖరి రోజున, మధ్యాహ్నం, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. నాలుగింటికి ఆఫీసు మూసేస్తారు.

ఫొటోలో ఆమె వెనక సముద్రమూ లేదు, విమానమూ లేదు. షాపు వెనకున్న వాళ్ల వంటగది ఉంది. పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె మాడి, కిటికీ తెర అంటుకుంటోంది.

మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ అదే. మాస్టారి మొహం ఆ గిన్నెకన్నా ఎక్కువ మాడింది. కాదనడానికీ లేదు. పాలు పొయ్యి మీద పెట్టి, ముందువైపు షాపులో ఎవరు పిలిచినా వెళ్లిపోవడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. నిరుడు నిజంగానే తెర అంటుకున్నప్పుడు, క్రేన్ క్యాబిన్‌లోంచి పొగ చూసి ఫోన్ చేసింది ఆవిడే. అంత ఎత్తునుంచి తమ వంటింటి కిటికీ కనబడుతుంది.

"మూలమీది స్టూడియోలో తీయించుకో. అక్కడి గోడ మామూలుదే," అన్నాడు తల వంచుకుని.

"గోడ మారితే మీరు మారతారా? సముద్రం అవతలినుంచి నాకు మన కిటికీ కనపడదండీ. వద్దులెండి, వెళ్లను."

ఆ మాట మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. ఊళ్లోవాళ్ల భయాలకు నవ్వినవాడు, ఇంట్లో మనిషికి తానే భయమై కూర్చున్నాడు. లోపలికి వెళ్లి, పొయ్యి వెలిగించి పాలు పెట్టి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె గుమ్మంలోంచి చూస్తోంది. కౌంటర్ దగ్గర ఎవరో పిలిచారు. కదల్లేదు. ఫోన్ మోగింది. కదల్లేదు. పాలు పైకి లేస్తుండగా పొయ్యి కట్టేసి, గుడ్డతో గిన్నె పట్టుకుని దించాడు.

"ఏడాదంతా ఇలాగేనా?" అంది ఆమె.

"రోజూ ఇలాగే. నువ్వక్కడ ఓడలమీది బరువులు దించడం నేర్పుతుంటే, నేనిక్కడ ఒక్క గిన్నె దించలేనా?"

ఆమె నవ్వి, వెళ్లి స్టూలు మీద కూర్చుంది. ఈసారి వెనక ఉత్త తెలుపు. మూడున్నరకల్లా ఫొటో ఆఫీసుకు చేరింది.

ఏడాది తిరిగాక ఆమె వచ్చేసరికి, అవతలి రేవులో ఆమె తయారుచేసిన పదకొండుమంది క్రేన్ల మీద ఉన్నారు. మాస్టారు ఆ సంగతి వీధి వీధంతా చెప్పి వచ్చి, సొరుగులోంచి వంటగది ఫొటో తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మిగతావాళ్ల భయాలన్నీ వాటంతట అవే తప్పిపోయాయి. ఇది మాత్రం నేను జరగనివ్వలేదు," అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి చూసింది. కిటికీకి తను వెళ్లేనాటి తెరే ఉంది. పొయ్యి ముందు నేల మీద రెండు పాదాల మేర రంగు వెలిసిపోయి ఉంది. ఆమె ఆ గుర్తుల్లో తన పాదాలు పెట్టి, ఇవాళ పాలు నేను కాస్తానంది. మాస్టారు ససేమిరా ఒప్పుకోలేదు.