మేకులు లేని గోడ

చెల్లెలు బిల్డింగ్ కొంటోందని తల్లి నోట విన్నప్పటి నుంచి అక్కకు తిన్నది ఒంటపట్టడం లేదు.

ఆ ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అక్కే. అప్పులిచ్చే కంపెనీలో ఉద్యోగం. షాపులూ ఆఫీసులూ ఉన్న బిల్డింగులను చూసి, వాటి మీద డబ్బు పెట్టవచ్చో లేదో చెప్పడం ఆమె పని. ఇన్నేళ్లలో ఎందరెందరి బిల్డింగులనో చూసింది కానీ, తనకంటూ ఒక్క గోడ లేదు. అద్దె ఇంట్లో మేకు కొడితే ఓనరు ఊరుకోడు. అందుకే ఆమె డిగ్రీ పటం ఇప్పటికీ ఫ్రిజ్ మీద, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చెల్లెలేమో పదో తరగతితో సరిపెట్టుకుని, కుట్టుమిషన్‌తో మొదలై, బట్టల షాపు పెట్టి, ఇప్పుడు మూడంతస్తుల దాకా వచ్చింది.

"చదివింది నువ్వు, కొనేది అది," అని తల్లి నవ్వింది. తల్లి మనసులో ఏమీ లేదు. అందుకే ఇంకా మండింది.

ఆ సాయంత్రమే చెల్లెలు వచ్చి అద్దెల కాగితం ముందు పెట్టింది. "శుక్రవారం అడ్వాన్సు ఇవ్వాలక్కా. నువ్వు చూసి సరేనంటేనే ఇస్తా. వద్దంటే అక్కడికక్కడే మానేస్తా."

"మీ ఆయన ఏమన్నాడు?"

"ఆయనకు లిఫ్ట్ నచ్చింది."

చెల్లెలు వెళ్లగానే అక్క పెన్ను తీసింది. అమ్మేవాళ్ల కాగితంలో ఏ షాపూ ఒక్క నెలైనా ఖాళీగా ఉండదు, నీళ్ల మోటారు చెడిపోదు, పైకప్పు కారదు. అవన్నీ జరుగుతాయనుకుని అద్దెల్లో కోత వేసింది. వాచ్‌మన్ జీతం, పన్ను, రిపేర్లు తీసేసింది. ఆ మిగిలినదాంట్లోంచి బ్యాంకు వాయిదా కట్టినా, ఇంకా కొంత చేతిలో ఉంటోంది. అది చూసి ఆమె మొహం వాడిపోయింది. పరాయివాళ్ల బిల్డింగ్‌కు ఎన్నడూ వేయనంత కోత మరొకటి వేసింది. అయినా మిగులుతోంది.

మర్నాడు ఆఫీసు అయ్యాక బిల్డింగ్ చూడబోయింది. సగం అద్దె ఒక్క రక్తపరీక్షల ల్యాబ్ నుంచే వస్తుంది. ల్యాబ్ తలుపు దగ్గరకు వచ్చి లోపలికి తొంగిచూసిన అక్క అక్కడే ఆగిపోయింది. రేట్ల బోర్డు కింద గోడకు ఆనించి ఉంది. గడియారం బల్ల మీద వెల్లకిలా పడుకుంది. గోడనిండా మేకులు పీకిన చిల్లులు. మూలన అట్టపెట్టెలు.

ఉండేవాళ్లు మేకు కొడతారు. పోయేవాళ్లు ఆనించి పెడతారు. ఈ సంగతి ఆమెకు ఏ కాలేజీ చెప్పలేదు, ఫ్రిజ్ మీది పటం చెప్పింది. ల్యాబ్ ఖాళీ చేస్తోంది! అక్కకు ఏనుగెక్కినంత సంబరమైంది.

మర్నాడు ఆఫీసులో ఆమె పై అధికారి కళ్లద్దాల మీదుగా చూశాడు. అమ్మేవాళ్లు రాసే అద్దెలను కత్తిరిస్తాడని ఆయనకు కత్తెర అని పేరు.

"మొహం వెలిగిపోతోందే అమ్మాయ్! నిన్న చూడబోతున్నానన్నావే, అంత బాగుందా మీ చెల్లెలి బిల్డింగ్?"

"లేద్సార్, ఘోరంగా ఉంది."

"అయితే ఇంకో రెండుసార్లు వెళ్లు. నచ్చినదాన్ని ఇంకోసారి చూడాలి. నచ్చనిదాన్ని ఇంకో రెండుసార్లు చూడాలి."

సరేనని మర్నాటి ఉదయం వెళ్లి ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడింది. ల్యాబ్ నిండా జనం. మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ బయటికొచ్చి, నేరుగా కింది కాఫీ కొట్టుకో మందుల షాపుకో వెళ్తున్నారు. అంటే ల్యాబ్ పోతే ఆ రెండూ పోయినట్టే. సంబరం రెట్టింపైంది.

అప్పుడే ఫోన్ మోగింది. "ఏమంటావక్కా? రేపే శుక్రవారం."

'వద్దు' నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకొక్కసారి చూడటం మిగిలి ఉంది. చెప్పిన పని సగంలో వదలడం ఆమెకు చేతకాదు. "రేపు పొద్దున్నే చెప్తా," అంది.

మూడోసారి పరగడుపున వెళ్లి, డబ్బు కట్టి, కుర్చీలో కూర్చుని చెయ్యి చాచింది. రక్తం తీసే అమ్మాయి పట్టీ బిగిస్తుంటే, "ఖాళీ చేస్తున్నారా?" అని అడిగింది.

"అయ్యో, ఎవరన్నారండీ? ఈ గోడ కొట్టేస్తున్నాం. పక్క గదీ మేమే తీసుకుంటున్నాం, పెద్ద స్కానింగ్ మిషన్ వస్తోంది. ఇప్పుడున్న ఓనరు ఎలాగూ అమ్మేస్తున్నానని కొత్త అద్దె కాగితం మీద సంతకానికి నాన్చుతున్నాడు. పిడికిలి బిగించండి."

పిడికిలి ఎప్పుడో బిగిసింది. ల్యాబ్ డాక్టరును కూడా అడిగింది. ఆయనా అదే మాట అన్నాడు.

అక్కడి నుంచి చెల్లెలి షాపుకు నడిచింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. వద్దంటే చాలు, చెల్లెలు మారు మాట్లాడకుండా మానేస్తుంది. ఎవరికీ తెలియదు.

చెల్లెలు మెడలో టేపుతో ఎదురొచ్చింది.

"కొను," అంది అక్క. "కానీ ల్యాబ్ డాక్టరు ఎన్నేళ్లుంటాడో రాసి సంతకం పెట్టాకే అడ్వాన్సు ఇవ్వు. మాట మీద కాదు, కాగితం మీద. చుట్టాలకు గది ఇస్తే దాన్ని లెక్కలో కలపకు, ఆ అద్దె రానట్టే అనుకో."

చెల్లెలు ఆమె మొహంలోకి చూసింది. "నిజం చెప్పు, నీకు కుళ్లుగా లేదూ?"

"బోలెడంత ఉంది. లేకపోతే ఒక్కసారి చూసి ఊరుకునేదాన్ని. మూడుసార్లు వెళ్లానే! రక్తం కూడా ఇచ్చొచ్చా."

చెల్లెలు పడీ పడీ నవ్వింది. "అందుకేగా నిన్ను పంపింది! మా ఆయన లిఫ్ట్ ఎక్కి దిగొచ్చాడు." తర్వాత నవ్వు ఆపుకుని అంది, "పైన రెండు గదుల పోర్షన్ ఖాళీగా ఉంది. వచ్చేయరాదూ?"

"అద్దె తగ్గిస్తావా?"

"పైసా తగ్గించను. నీ అద్దె రానట్టు అనుకోవడం నావల్ల కాదు."

అక్కకు ఫ్రిజ్ మీది పటం గుర్తొచ్చింది. "మేకు కొట్టనిస్తావా?"

"నీ ఇష్టం. ఎన్నయినా కొట్టుకో."

మేకు కొట్టొద్దంటే కోప్పడి ఇంటికి పోదామనుకున్న అక్కకు ఆ వీలు కూడా లేకుండా పోయింది.