ఇద్దరు పట్టే బాట

ఆదివారం సైకిల్ బృందంలో ఆమెను అందరూ తోక వదిన అంటారు. భర్తను అన్నా అని పిలుస్తారు కాబట్టి వదిన అయింది. అందరికంటే వెనక వస్తుంది కాబట్టి తోక. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. దెబ్బకి కట్టు కట్టడం, బెణికిన కాలు పట్టి చూడడం చేతనవును. అందుకని మందుల సంచీ ఆమె వీపుకి తగిలించి, "మీరు వెనక ఉంటే మాకు ధైర్యం వదినా" అన్నారు. అప్పటినుంచి కొండ మీద ఆమె చోటు అదే. ఆయన చోటు అందరికంటే ముందు. మధ్యలో ఊరంతా.

బాట చీలిన ప్రతిచోటా ముందువాళ్ళు ఆగి, చివరి మనిషి వచ్చాకే కదలాలని వాళ్ళలో ఒక కట్టుబాటు. ఆమె ఎర్ర టోపీ కనబడగానే బ్రేకు బాబాయి కేక వేస్తాడు. వాలు కనబడితే చాలు రెండు బ్రేకులూ పట్టుకు వేలాడతాడని ఆయనకా పేరు.

"తోక వచ్చేసింది, పదండి పదండి!"

అప్పటికే సేద తీరినవాళ్ళందరూ బయల్దేరిపోతారు. ఆమె నీళ్ళ సీసా మూత తిప్పేసరికి భర్త నీలం చొక్కా మలుపు తిరిగిపోతుంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఇద్దరే ఉండేవారు. ఒక పార, ఒక పలుగు. ముళ్ళకంప కొట్టి, రాళ్ళు దొర్లించి, వారం వారం కాస్త కాస్తగా బాట వేశారు. పెద్ద బండ దిగగానే మెల్లని వాలు ఒకటుంది. అక్కడ ఆయన ఒక పక్క తవ్వుతుంటే ఆమె రెండో పక్క తవ్వింది. కబుర్లలో పడి కొలత చూసుకోలేదేమో, బాట ఇద్దరి వెడల్పున వచ్చింది. ఆ కాస్త దూరం హ్యాండిల్‌కి హ్యాండిల్ తగిలేటంత దగ్గరగా తొక్కేవారు. అక్కడికి రాగానే ఆయన ఈల అందుకునేవాడు. శ్రుతి ఉండేది కాదు. "పాముల్ని పిలుస్తున్నారా?" అని ఆమె ఆట పట్టించేది.

తరవాత పళ్ళ డాక్టరు వచ్చాడు, ఆయన వెంట ఆయన స్నేహితులొచ్చారు, వాళ్ళ వెంట ఇంకెవరెవరో. బాటకి అనుమతి లేదని అటవీ శాఖవాళ్ళు గేటుకి తాళం వేస్తామన్నారు. భర్త సాయంత్రాలన్నీ ఆ ఆఫీసు బెంచీల మీదే గడిచిపోయాయి. ఇంటికొచ్చాక కూడా కంచం ముందు కూర్చుని బాట పక్క తీయాల్సిన వానకాలవల గురించే చెప్పేవాడు. ఆమె వినేది. ఆ మాటల్లో ఎక్కడైనా తను తగులుతానేమోనని వినేది. ఒకప్పుడు ఆయన కాస్త ముందు వెళ్ళినా, మట్టిలో ఆయన టైరు అచ్చు చూసుకుంటూ నింపాదిగా వెనక వెళ్ళేది. ఇప్పుడు ఆ అచ్చు మీద అందరి టైర్లూ పడి, ఏది ఎవరిదో తెలియడం మానేసింది.

చివరికి అనుమతి ఇచ్చే ముందు అధికారి బాటంతా నడిచి చూశాడు. పెద్ద బండ కింద ఆగాడు.

"ఇక్కడొక్కచోటే ఇంత వెడల్పేమిటండీ? వాననీళ్ళన్నీ ఇటే పారి మట్టి కోసుకుపోతోంది చూడండి."

భర్త నవ్వేశాడు. "అది మా మొదటి తప్పండి. కొత్తలో తెలియక తవ్వేశాం. ఈ ఆదివారం రాళ్ళు పేర్చి సన్నం చేసేస్తాం."

ఆమె ఆ పక్కనే ఉంది. అధికారి చెప్పింది నిజమే, కోత కళ్ళకి కనబడుతూనే ఉంది. అయినా తప్పు అన్న మాట ఆమెతోపాటు ఇంటిదాకా వచ్చింది.

శనివారం సాయంత్రం ఆయన ముందుగదిలో పాత దుప్పటి పరుచుకుని గొలుసులకి నూనె పెడుతున్నాడు.

"ఏమండీ, రేపు వాళ్ళెవరూ రాకముందే మనిద్దరం ఓసారి పైకి వెళ్ళొద్దామా?"

"ఎందుకు? ఎలాగూ వెళ్తాంగా."

"ఊరికే. ఆ వాలు మీద ఒక్కసారి పక్కపక్కన తొక్కుదామని. రేపటితో దాన్ని సన్నం చేసేస్తున్నారుగా."

"సరే, వెళ్దాంలే. తొందరగా లేపు" అన్నాడు ఆయన, మోగుతున్న ఫోను అందుకుంటూ.

తొందరగానే లేపింది. టైర్లలో గాలి తనే చూసింది. తీరా గేటు దగ్గరికి వెళ్ళేసరికి పారలూ తట్టలూ పట్టుకుని బృందమంతా నిలబడి ఉంది.

"మీకంటే ముందొచ్చాం అన్నా!" అని పళ్ళ డాక్టరు చేతులు చాచాడు. "అనుమతి వచ్చిందంటే నిద్ర పడితేనా!"

భర్త మొహం వెలిగిపోయింది. సైకిల్ దిగి వాళ్ళలో కలిసిపోయాడు. ఆమె మందుల సంచీ పట్టీలు బిగించుకుంది.

వాలు మీద పని మొదలైంది. ఎవరో అడిగారు, "ఎంత వదలాలి వదినా?"

"ఒక హ్యాండిల్ పట్టేటంత."

తను తవ్విన పక్కనే తను కూర్చుని రాళ్ళు పేర్చింది. ఏ రాయి ఎటు తిప్పితే కుదురుతుందో చూసి, సందుల్లో చిన్న రాళ్ళు దిగ్గొట్టి, పైన మట్టి కప్పి గడ్డి దుబ్బులు నాటింది. అయ్యేసరికి అక్కడ ఇంకో మనిషికి చోటుండేదని చెప్పినా ఎవరూ నమ్మరు.

"వదిన పేర్చిందంటే ఏనుగు తొక్కినా కదలదు" అన్నాడు బ్రేకు బాబాయి.

"మీరు తొక్కి చూడండి బాబాయ్, తెలుస్తుంది" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

పనిముట్లు గేటు దగ్గర దించి, అనుమతి వచ్చాక మొదటి సవారీ బయల్దేరారు. ఆమె మామూలుగానే వెనక. ఎక్కుడు ఎక్కి పెద్ద బండ దగ్గరికి వచ్చేసరికి కేక వినబడింది, "తోక వచ్చేసింది!" ఒక్కొక్కరే దిగిపోతున్నారు. ఈసారి ముందున్నది పళ్ళ డాక్టరు.

భర్త మాత్రం సైకిల్ బండకి ఆనించి నిలబడ్డాడు.

"మీరు వెళ్ళలేదేం?"

"నీళ్ళు తాగు ముందు."

తాగింది. ఆయన నేల చూస్తూ అన్నాడు, "నిన్న సరే అన్నాను కదా. ఇందాక నువ్వు అక్కడ కూర్చుని రాళ్ళు పేరుస్తుంటే గుర్తొచ్చింది."

"బాగానే గుర్తొచ్చింది. అంతా పేర్చేశాక."

"ఆ తప్పు నాకూ ఇష్టమే" అన్నాడు. "ఆ అధికారి ముందు అలా అనకుండా ఉండాల్సింది."

ఆమె సీసా మూత బిగించింది, బిగుసుకున్నాక కూడా ఇంకోసారి తిప్పింది.

"ఇప్పుడిక ఇద్దరం పట్టం" అంది.

"పట్టం. నువ్వు ముందు వెళ్ళు."

ఎన్నాళ్ళకో ఆమె వెనక ఒక సైకిల్ ఉంది. ఎడమ పక్క తను పేర్చిన రాళ్ళు, కొత్త మట్టి వాసన. వెనక నుంచి ఆయన సైకిల్ చక్రం ఫ్రీవీల్ టకటక. కాసేపటికి ఆ టకటకలో ఈల కలిసింది, అదే శ్రుతి లేని ఈల. వెనక్కి తిరిగి ఆ మొహం చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. వాలులో వెనక్కి చూస్తే పడతారని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది ఆమే. చూపు బాట మీదే ఉంచి, బ్రేకు కాస్త నొక్కింది. వెనక చప్పుడు కూడా నెమ్మదించింది.

కింద చీలిక దగ్గర నుంచి బ్రేకు బాబాయి కేక పైకి వచ్చింది.

"తోక ఏదర్రా?"

ఆమె బ్రేకు ఇంకొంచెం నొక్కింది.