రాతికట్ట

ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి వరదయ్య చెప్పులు అరిగిపోయాయి. వాలు చేలల్లో మన్ను కొట్టుకుపోకుండా అడ్డకట్టలు వేసుకునే రైతుకు సర్కారు సబ్సిడీ ఇస్తుందని తమిళనాడు సరిహద్దులోని ఆర్.కె.పేట సంతలో విన్నప్పటి నుంచి ఇదే తంతు. అది ఎనభై రెండో సంవత్సరం. రెండేళ్ళుగా వానల్లేక బావి అడుగంటింది. కట్ట పని తానే చేసుకుని ఆ కూలి తీసుకుంటే బావి లోతు తీయించవచ్చు. లేదంటే చేను అమ్ముకుని గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల గేట్ల ముందు నిలబడాల్సిందే.

ఆరోసారి అడిగాక ఆఫీసరు అరుణాచలం చేనికే వచ్చాడు. పాపం, మంచి మనిషే. ఎండలో చేనంతా తిరిగి, దిగువన నడుమెత్తు రాతికట్ట దగ్గర ఆగాడు.

"ఇది ఎవురు కట్టినారు?"

"మాయమ్మ, సార్."

అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. చేనికి కూడు మోసుకెళ్ళిన ఆడమనిషి ఊరికే ఇంటికి తిరిగి రాకూడదు. కూడు దించిన గంపలోకి రాళ్ళు ఏరి, దిగువన పేర్చి మరీ రావాలి. కొత్త కోడలిగా వచ్చిన మర్నాడే వరదయ్య తల్లి ధనమ్మకు అత్త చెప్పిన మాట అది. అత్త పోయింది, మొగుడు పోయాడు, ధనమ్మ మాత్రం నలభై ఏళ్ళు ఆ మాట తప్పలేదు.

"కట్ట ఉండే నేలకు కట్ట డబ్బులు ఎట్లిచ్చేది అన్నా?" అన్నాడు అరుణాచలం. "పక్కన ఎల్లప్ప చేను చూడు, అంతా గండ్లే. దానికైతే రాస్తాను."

"కాపాడుకున్నోనికి లేదు, పోగొట్టుకున్నోనికే ఇస్తారా సార్?"

"రూలు అట్లుంది. నేనేం చేసేది?"

జబ్బు లేని ఒంటికి మందెందుకని ఆఫీసు లెక్క. లెక్కలో తప్పు లేదు, అందుకే దానితో పోట్లాడి గెలిచినవాడు లేడు. వరదయ్యకు పోట్లాడే ఓపిక కూడా లేదు. మర్నాడు గడ్డపార తీసుకుని చేనికి వెళ్ళాడు. రాళ్ళు యాడికీ పోవు, డబ్బులొచ్చినాక మళ్ళీ పేర్చుకోవచ్చులే అని తనకు తానే చెప్పుకున్నాడు. రాళ్ళు కదిలించిన చోటల్లా వెనక నిలిచిన నల్లమన్ను జారి పాదాల మీద పడింది. అతనికి సిగ్గేసింది. అయినా పని ఆపలేదు.

మూడో రోజు ధనమ్మ కూడు తెచ్చింది. సగం కూలిన కట్టనూ కొడుకునూ చూసింది.

"తిను. చల్లారిపోతాది," అంది. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

పది రోజుల తర్వాత అరుణాచలం మళ్ళీ వచ్చాడు. కట్ట ఏమైందని అడగలేదు. టేపు పట్టి కొలిచి, వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని కాయితాలు నింపాడు. పట్టా ధనమ్మ పేరున ఉంది కాబట్టి వేలిముద్ర ఆమే వెయ్యాలి.

"ఏం రాసినావో చదువు నాయనా," అంది ధనమ్మ.

అతను తమిళంలో చదివాడు. "ఇంద నిలత్తిల్ ఇదువరై వరప్పు ఏదుం ఇల్లై." ఈ నేలలో ఇంతవరకూ గట్టన్నదే లేదని.

ధనమ్మ ఇంకోసారి చదివించుకుంది. తర్వాత వేలు చాపింది. సిరా పూసి ఒత్తితే కాయితం మీద నల్లటి మచ్చ పడింది. మరో చోట ఒత్తినా అంతే.

"గీతలు పడలేదమ్మా. ఇట్లుంటే పైన ఒప్పుకోరు," అన్నాడు అరుణాచలం.

"యాడుంటాయి నాయనా? నలభై ఏండ్లు రాళ్ళు మోసిన చెయ్యి." ఆమె గొంతులో కోపం లేదు, అలుపే ఉంది. కొడుకు వైపు తిరిగింది. "నాకు చేతగావడంలేదు. నువ్వు పట్టుకొని ఒత్తురా."

 వరదయ్యకు బావి గుర్తుకొచ్చింది. తల్లి బొటనవేలు పట్టుకుని, గట్టన్నదే లేదని రాసి ఉన్న మాట కింద ఒత్తాడు.