తాగని నీళ్ళు

ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే చివర నీళ్ళు తాగే మనిషి ఆమె. ఆ ఆదివారం కూడా తెల్లారకముందే భర్తకీ, పిల్లలకీ, అత్తగారికీ ఫ్రిజ్‌లో బాటిళ్ళు నింపి పెట్టింది. ఆఖర్న తనకోసం ఒక పెద్ద బాటిల్ నింపి బ్యాగులో కుక్కుకుంది. కాఫీ మాత్రం రెండు గుక్కలు తాగి మిగతాది సింకులో పారబోసింది. దూరప్రయాణం కదా, ముందుజాగ్రత్త అనుకుంది.

“బస్సులు చచ్చాయా? ఈ ఎండల్లో ఆడమనిషివి బైకు మీద ఊరేగడమేంటి?” అన్నాడు భర్త, పక్క మీంచి లేవకుండానే. గ్యాస్ బండ మోసుకొచ్చినప్పుడూ, పిల్లల్ని స్కూల్లో దించినప్పుడూ, అత్తగారిని డాక్టరు దగ్గరికి తిప్పినప్పుడూ ఆ బైకు నడిపేది ఆడమనిషని ఎవరికీ గుర్తు రాలేదు మరి! బస్సులో అయితే మూడుచోట్ల మారాలి, పోనూ రానూ రెండు రోజులు. ఆయనగారు ఇచ్చిన సెలవు సాయంత్రం దాకానే.

“దారిలో ఒంటికొస్తే ఎక్కడికి పోతావే?” అంది అత్తగారు.

“నాకా అవసరం రాదు అత్తయ్యా,” అంది ఆమె, కాస్త గర్వంగానే.

గర్వం ఎందుకుండదు? ఏళ్ళ తరబడి చేసిన సాధన. ఆమె పనిచేసే మందుల గోడౌన్‌లో బిల్లులు కొట్టేది ఇద్దరే ఆడవాళ్ళు, ఆమే, పక్క సీటు అక్కా. ఉన్న ఒక్క బాత్రూమూ మగవాళ్ళది, దానికి గడియ లేదు. అడిగితే మేనేజరు నవ్వాడు. “మీ ఇద్దరి కోసం గోడలు కట్టించమంటారా? ఇంటి దగ్గరే కానిచ్చుకుని రండి.” ఆ నవ్వుకి ఆమెకి ఒళ్ళు మండింది గానీ వచ్చి మళ్ళీ బిల్లుల ముందు కూర్చుంది. అప్పుడు అక్క చెప్పిందే ఈ విద్య. “పొద్దున్నే రెండు గుక్కల కాఫీ. ఆ తర్వాత చుక్క ముట్టకు. సాయంత్రం దాకా రాయిలా కూర్చోవచ్చు.” ఆ అక్కకే ఇప్పుడు కిడ్నీలు పోయాయి. కూతురు ఉండే ఊళ్ళో ఆసుపత్రిలో పడుంది. “మొదట్లో ఒంటికి పోతే డికాషన్ రంగులో వచ్చేదే. ఎండలకేలే అనుకున్నా,” అంది ఫోన్‌లో. “ఒక్కసారి వచ్చిపో. నీకో మాట చెప్పాలి. మొహం చూసి చెప్పాలి.” ఫోన్ పెట్టేశాక ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది, ఆదివారం బయల్దేరాలనుకుంది. ఆ ఏడుపులో కూడా, ఇంట్లో పిల్లల వెంటపడి నీళ్ళు తాగించే తాను ఏం చేస్తోందో తట్టలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు.

పొద్దెక్కేకొద్దీ రోడ్డు పెనంలా కాలిపోయింది. తారు మెత్తబడి టైర్లకి అంటుకుంటోంది. దుకాణాల తలుపులు మూసి ఉన్నాయి, కుక్క అన్నది కూడా బయట లేదు. ఒకచోట రోడ్డు మధ్యలో ఒంటి చెప్పు పడుంది, ఆడవాళ్ళది. ఎందుకో దాన్ని తప్పించి పక్కనుంచి పోనిచ్చింది. కాసేపటికి చెమట ఆగిపోయింది. ‘అబ్బ, నాది గట్టి ఒళ్ళే’ అని సంతోషించింది, పిచ్చిది! ఆ వెనకే మిట్టమధ్యాహ్నపు ఎండలో చలి పుట్టింది. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రోడ్డు మీది తెల్లగీత రెండయింది. వీపు మీది బ్యాగులో నిండు బాటిల్ బరువుగా ఊగుతూనే ఉంది. తాగితే ఆగాలి, ఆగితే ఎక్కడ? ఎదురుగా లారీ వస్తోందో, నిలబడి ఉందో తేలలేదు. హారన్ చెవులు పగిలేలా మోగింది. ఆమె హ్యాండిల్ పక్కకి లాగింది. బైకు కంకరలోకి జారి ఒరిగిపోయింది. లారీ ఆగకుండా వెళ్ళిపోయింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. పాక్కుంటూ కల్వర్టు నీడలోకి చేరింది. అప్పుడే ఫోన్ మోగింది, భర్త.

“ఎక్కడున్నావ్? ఫ్రిజ్‌లో బాటిళ్ళన్నీ ఖాళీ. ఇంకో రెండు ఎక్కువ నింపి పోకూడదూ?”

జవాబు చెప్దామంటే నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

“హలో... సరేలే, సాయంత్రం వచ్చాక నింపు.” పెట్టేశాడు.

ఆమె బాటిల్ మూత తిప్పింది. బాటిల్ పట్టు జారి సగం నీళ్ళు ఒంటి మీదే పోయాయి, అదీ మంచికే అయింది. మిగిలినవి గుక్కగుక్కగా, ఆగి ఆగి తాగింది. చాలాసేపటికి గీత మళ్ళీ ఒకటిగా కనబడింది. ఇంకాసేపటికి పొత్తికడుపులో మంట మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రోడ్డు పక్కన, కల్వర్టు వెనక కూర్చుంది. వచ్చింది నాలుగు చుక్కలే.

డికాషన్ రంగు.

తాను నేర్పిన విద్య మానెయ్యమనే అక్క మొహం చూసి చెప్పాలనుకుందని అప్పుడు తెలిసింది. భయమేసింది, ఏడుపు మాత్రం రాలేదు. అక్కకి చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు. తనకి అక్క ఉంది, ఇంకా ఉంది. ఆసుపత్రికి వెళ్ళాక అక్క పక్కనే తానూ డాక్టరుకి చూపించుకోవాలి.

ఫోన్ తీసి భర్తకి చేసింది. “నేను సాయంత్రానికి రాను. రేపు కూడా రాకపోవచ్చు. దారిలో ఎన్నిసార్లు ఆగాల్సొస్తే అన్నిసార్లు ఆగుతాను.”

“ఆగడమేంటి? మరి ఇక్కడ నీళ్ళో?”

“కుళాయి మీకూ అందుతుంది.”

బైకు లేపింది. అద్దం పగిలింది గానీ ఇంజను పలికింది. ముందొచ్చే పెట్రోలు బంకులో నీళ్ళు నింపుకుని, బాత్రూము తాళం అడగాలనుకుంది. ఇవ్వకపోతే, ఇచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకూడదనుకుంది.