బండిని నీడకు జరపొద్దు

క్రేన్ తోలేవాడికి స్పోర్ట్స్ కారెందుకని బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో సురేందర్ ఉండే బ్లాకంతా నవ్వింది. ఎందుకేమిటి? స్టేడియం పైకప్పుకు ఇనుప దూలాలెత్తి కూర్చోబెట్టేవాడు సెలవురోజు కూడా కంపెనీ బస్సులోనే ఇరుక్కుని పోవాలా? ఫుట్‌బాల్ ప్రపంచకప్పు వస్తోందని ఊరంతా తవ్వి కొత్త రోడ్లు పోస్తున్నారు. పోసినవాళ్లకు వాటిమీద తిరగాలని ఉండదా? సురేందర్‌కు ఉంది. బాగా ఉంది.

అదీ మామూలు కారు కాదు, రోటరీ ఇంజిన్ కారు. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకోవు. లోపల మూడు మూలల దిమ్మెలు గిర్రున తిరుగుతాయి. పాతది కొనేముందు ఏం చూడాలో సురేందర్ ఫోన్లో వీడియోలు చూసి బట్టీ పట్టాడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. నూనె తాగుతుందా అని అడగాలి. తాగదంటే వదిలెయ్యాలి, ఎందుకంటే అది కొంచెం నూనె కాల్చుకునే బతుకుతుంది. చివరికి బాగా వేడెక్కాక ఆపి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. అరిగిన ఇంజిన్ అక్కడ దొరికిపోతుంది.

శుక్రవారం పొద్దున ముఐథర్‌లో, అలాంటి కారు అమ్మకానికి పెట్టిన రామచంద్రరావు ఇంటికి పోయాడు. తోడు నగేష్. చిన్ననాటి దోస్తు, ఇండస్ట్రియల్ ఏరియాలో మెకానిక్. ఎర్ర కారు గోడ నీడన మెరుస్తోంది. నగేష్ బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

"సల్లగనే ఉన్నదిరా."

రామచంద్రరావు నవ్వుతూ వచ్చి తాళం తిప్పాడు. ఇంజిన్ మూలిగింది, అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ మూలుగే. పెట్రోలు వాసన గుప్పుమంది. నగేష్ సురేందర్‌ను పక్కకు లాగాడు.

"ఇంజన్ ఖతమైందిరా. యల్లా, పోదాం పా."

సురేందర్ కదల్లేదు. నెలల తరబడి చూసిన కల కళ్లముందే మూలుగుతుంటే ఎలా కదులుతాడు? "సార్, పొద్దున నడిసిందా ఇది?"

"భేషుగ్గా నడిచిందండీ. మీరొస్తున్నారని ఇందాకే ఎండలోంచి నీడకు జరిపాను. రోజూ జరుపుతూనే ఉంటాను, పెయింటు పాడైపోద్దని."

"మళ్లీ జరిపారా?" గుమ్మంలోంచి గొంతు. రామచంద్రరావు భార్య అనంతలక్ష్మి. ముషైరిబ్‌లో ఆఫీసు ఉద్యోగం, కారు తోలేది ఆమే. "నాలుగు గజాల కోసం స్టార్ట్ చేసి ఆపేస్తే పెట్రోలు లోపలే నిలిచిపోతుందని ఎన్నిసార్లు చెప్పాను?"

"మా నాన్న కారు రోజూ ఇలాగే జరిపేవారే."

"మామయ్యగారిది అంబాసిడరు. లేవండి."

ఆమె కూర్చుని యాక్సిలరేటర్ నేలకంటా తొక్కిపట్టి తాళం తిప్పింది. వదల్లేదు. ఇంజిన్ దగ్గింది, తుమ్మింది, ఒక్కసారిగా అందుకుంది. తెల్లటి పొగ వీధి మీద పడింది. పక్కింటి పిల్లి గోడ దూకింది. సురేందర్ ఒళ్లంతా నవ్వైపోయింది.

"నూనె తాగుతదా సార్?"

"ఒక్క చుక్క తాగదండీ. కొన్నాక నేను పోసిందే లేదు," అన్నాడు రామచంద్రరావు గర్వంగా. నగేష్ భేష్ అన్నట్టు తలూపాడు. సురేందర్ నవ్వు ఆరిపోయింది.

"అయితే వద్దు సార్."

"తాగకపోతే వద్దంటారేంటండీ?"

అనంతలక్ష్మి పకపకా నవ్వింది. "ఆయన పొయ్యలేదు, నేను పోస్తున్నా. శుక్రవారం దీపంలో నూనె పోశాక దీనికీ పోస్తా. నూనె తాగే బండి అని తెలిస్తే అప్పుడే అమ్మేసేవారీయన. ఇప్పుడు అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు, వెనక సీట్లోకి దూరలేరు కాబట్టి అమ్ముతున్నా. మీరడగడం అయిందిగా, ఇక నేనడుగుతా. ఎక్కండి."

సురేందర్ స్టీరింగ్ పట్టాడు, ఆమె పక్కన కూర్చుంది. నగేష్ వెనక మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ముడుచుకున్నాడు. తవ్విన గుంతలూ దారిమళ్లింపు బోర్డులూ దాటాక కొత్త రోడ్డు ఖాళీగా పడి ఉంది. సురేందర్ మాత్రం కోడిగుడ్ల బుట్ట మోస్తున్నట్టే తోలుతున్నాడు.

"సైట్లో స్పీడెంత?" అడిగింది ఆమె.

"ఇరువై, మేడం."

"ఇది సైటు కాదు. ఇలా తోలితే మసి పట్టి చస్తుంది. రోజుకొకసారైనా ఇంజిన్ గొంతెత్తి అరవాలి. బీప్‌మని చప్పుడొచ్చేదాకా గేరు మార్చకూడదు. మెల్లగా తోలేవాళ్లకు నేనమ్మను."

సురేందర్ స్పీడు పెంచలేదు. క్రేన్ మీద చెయ్యి ఒక్కసారి జర్రున కదిలితే దూలం ఊగుతుంది. కింద మనుషులుంటారు. మెల్లగా, మెల్లగా అని ఏళ్ల తరబడి తన చేతికి తనే చెప్పుకున్నాడు. ఇప్పుడు తొక్కకపోతే కారు లేదు.

"తొక్కురా, బస్సులనే సస్తవా?" అన్నాడు నగేష్ మోకాళ్ల మధ్యనుంచి.

సురేందర్ ముందుకు చూశాడు. అద్దంలో వెనక్కి చూశాడు. కింద మనిషి లేడు. రెండో గేరులో తొక్కాడు. ఇంజిన్ గొంతు సన్నగా మొదలై, లేచి, ఇంకా లేచి, ఇంక లేవదనుకున్న చోటినుంచి మళ్లీ లేచింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. బీప్.

"ఓరి నీ అవ్వ," అన్నాడు నగేష్.

మళ్లీ తొక్కాడు. మళ్లీ బీప్. ఈసారి అనంతలక్ష్మి డాష్‌బోర్డును తడిమింది, వీడ్కోలు చెబుతున్నట్టు.

కారు బాగా కాగాక సురేందర్ పెట్రోలు బంకు పక్కన ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "జరసేపు ఆగుదాం, అక్కా. ఛాయ్ తాగుదాం." మేడం పోయి అక్క ఎప్పుడొచ్చిందో అతనికీ తెలియదు.

"అదీ తెలుసన్నమాట," అంది ఆమె.

కరక్ చాయ్ అయ్యాక తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. ఇంటికి చేరాక ఆమె నూనె డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. "శుక్రవారం మరిచిపోకండి."

కాగితాల పని అయిన సాయంత్రం క్యాంపు ముందు కారు ఆగితే నవ్విన బ్లాకంతా కిందికి దిగింది. వరసగా ఎక్కి కూర్చుంటున్నారు. నగేష్ గోడవైపు చూపించాడు.

"అరే, ఎండల ఎందుకురా, జర నీడకు జరుపు."

"జరిపేది లేదు," అన్నాడు సురేందర్ తాళం తీస్తూ. "స్టార్ట్ చేస్తే మాత్రం ఊరు దాటి అల్ ఖోర్ దాక పోయి రావాలె. ఎవరొస్తరు?"

నలుగురికే చోటున్న కారు తలుపు దగ్గర తోపులాట మొదలైంది.