మా వంటింటి ఎలుక లెక్క

మా ఇంట్లో ఎలుకల గురించి రెండు అభిప్రాయాలుండేవి. ఒక్కటి కూడా మిగలకూడదని అమ్మ, ఒక్కటైనా ప్రాణంతో దొరకాలని వదిన. వంటిల్లు మాత్రం ఒక్కటే.

వదిన ఎలుకల క్రోమోజోముల మీద పరిశోధన చేస్తోంది. మామూలు ఇంటి ఎలుక కణంలో నలభై ఉంటాయట, ఒక్కోటీ ఒక చివర ముడి వేసిన దారం ముక్కలా. మా వంటింట్లో పట్టిన ఎలుకలో ముప్పై ఎనిమిదే కనిపించాయి. రెండేసి ముక్కలు ముడి దగ్గర అతుక్కుని ఒక పొడుగాటి జత తయారైంది. సరుకేమీ పోలేదు, లెక్క తగ్గిందంతే. ఇలా అతుక్కుంటూ పోతే ఎప్పటికో ఎలుకల్లో కొత్త జాతులు పుడతాయని వదిన అన్నం తింటూ చెప్పేది. అమ్మ కంచం తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయేది.

వదిన గైడు నమ్మలేదు. "స్లైడు మీద ఒకదాని మీద ఒకటి పడుంటాయమ్మా. అదే వంటింటి నుంచి ఇంకో ఎలుకలో చూపించు. ఏడాది ఆఖరుకల్లా చూపించకపోతే థీసిస్‌లోంచి ఆ భాగం తీసెయ్" అన్నాడు. ఆ భాగం తీసేస్తే థీసిస్‌లో మిగిలేవి అట్టలే. పైగా ఎలుక బతికుండాలి. కణం రెండుగా విడిపోయే సమయంలోనే క్రోమోజోములు సరిగ్గా కనబడతాయి, చచ్చిన ఎలుకతో ఆ పని కాదు.

అమ్మ పక్కింటి పిల్లిని అరువు తెచ్చింది. "ఎలుకలున్న కొంపని నలుగురికీ తెలిస్తే తలెక్కడ పెట్టుకోను?" అని ఆవిడ బాధ. అమ్మ చెప్పిందని నేను జిగురు అట్టలు పెట్టేదాన్ని, వదిన బతిమాలిందని తీసేసేదాన్ని. జీతం లేకుండా రెండు వైపులా కొలువు. ఎలుకను చూస్తే కుర్చీ ఎక్కే అన్నయ్య మాత్రం ఎటూ మాట్లాడకుండా ఫోనులో తల దూర్చేవాడు.

పిల్లి పాలు తాగి సోఫా మీద నిద్రపోయేది. వదిన పెట్టిన బోను మాత్రం ఖాళీగానే ఉండేది. వదిన కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడవడం మొదలుపెట్టింది. కుళాయి అంతసేపు పారితే ఎవరికి తెలియదు? నాకు నిజంగా జాలేసి, పిల్లిని పంపించెయ్యమని అమ్మకి చెప్పాను. "ఎలుక కోసం ఏడ్చేవాళ్ళని ఈ ఇంట్లోనే చూస్తున్నా" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అమ్మ కొత్త ఫిర్యాదు తెచ్చింది. "బొత్తిగా భయం లేకుండా పోయింది వెధవలకి. చీపురెత్తితే పారిపోకుండా నా కాళ్ళ దగ్గరికొచ్చి కూర్చుంది!" అన్నయ్యకి పొలమారింది. మంచినీళ్ళిచ్చి ఊరుకున్నాం.

ఏడాది ఆఖర్లో, వదిన ఆశ వదులుకున్నాక, బోనులో ఒక కుర్ర మగ ఎలుక పడింది. వదిన బోనుతో సహా ల్యాబుకి పరుగెత్తింది.

రెండ్రోజులకి ఫోటోలు పట్టుకొచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. కంప్యూటరు ఉన్నా సరే, కత్తెరతో ఒక్కో క్రోమోజోమునీ కత్తిరించి చేత్తో జతలు పేరిస్తేనే ఆవిడకి నమ్మకం. మేమంతా చుట్టూ చేరాం. అన్నీ జత కుదిరాయి గానీ, చివర్లో ఒక్క పొడుగుది, రెండు పొట్టివి మిగిలాయి. మొత్తం ముప్పై తొమ్మిది.

"దీని జోడీ ఏదే?" అంది అమ్మ.

వదిన చెయ్యి ఆగిపోయింది. ఇక కుళాయి తిప్పడమే అనుకున్నాను. ఆవిడ మాత్రం గబగబా ఇంకో ఫోటో లాగింది. అది ఆ ఎలుక వీర్యకణాలు తయారయ్యే చోటుది, క్రోమోజోములు తమ తమ జోడీల్ని వెతుక్కునే సమయంలో తీసింది. అందులో పొడుగుదాని ఒక సగానికి ఒక పొట్టిది, రెండో సగానికి ఇంకో పొట్టిది ఆనుకుని, మూడూ కలిసి కూర్చున్నాయి.

"చూడండత్తయ్యా! గైడన్నట్టు ఊరికే ఒకదాని మీద ఒకటి పడితే ఇలా సగం సగం పంచుకుని జత కడతాయా? ఇలాంటివి రెండు అతుక్కునే ఆ పొడుగుది తయారైంది. ముప్పై ఎనిమిది వచ్చినా ఇంత గట్టిగా చెప్పలేకపోయేదాన్ని!"

కాసేపటికి ఆ సంతోషంలోంచి పరిశోధకురాలు లేచింది. "పొడుగుది మన వంటింటిది, సరే. పొట్టివి బయటి ఎలుకవి, ఇది ఆ రెండు రకాలకీ పుట్టిన పిల్ల. మనం మొదట పట్టినదాంట్లో పొట్టివి విడిగా లేనే లేవు. మూడో అంతస్తుకి బయటిది ఎలా వచ్చింది?"

అన్నయ్య ఫ్యాను వంక చూస్తున్నాడు. ఫ్యాను తిరగడం లేదు.

"ఏమండీ?"

"నువ్వేడుస్తుంటే చూళ్ళేకపోయాను. పెంపుడు జంతువుల కొట్లో, మనింటి రంగుదే ఏరి తెచ్చా. బోనులో పెట్టబోతే చేతిలోంచి దూకేసింది."

"అదే బోనులో పడుంటే నలభై వచ్చేవి! నా థీసిస్ అక్కడితో సరి!"

అమ్మ చేతిలోకి చీపురు ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. "నేను తరుముతుంటే నువ్వు కొని తెచ్చావుట్రా?" అన్నయ్య కుర్చీ ఎక్కాడు. చీపురు పైకి లేచింది గానీ, అమ్మ కళ్ళు బల్ల మీది ఫోటో దగ్గర ఆగిపోయాయి. "అయితే ఆ బయట్నుంచి వచ్చినదాని వల్లేనా నీ పనయింది?"

"అవునత్తయ్యా. అది రాకపోతే మనింట్లో ఏముందో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు."

అమ్మ చీపురు మూల పెట్టేసింది.

గైడు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి, ఆ భాగాన్ని థీసిస్‌లో అన్నిటికంటే ముందుకి జరపమన్నాడట. ఆ కబురు వచ్చిన సాయంత్రమే అమ్మ పిల్లిని చంకనెత్తుకుని పక్కింటికి బయల్దేరింది. వదినా నేనూ తలుపు చాటున నిలబడ్డాం.

"మీ పిల్లిని మీరే ఉంచుకోండి" అంటోంది అమ్మ, నలుగురికీ వినపడేలా. "మా ఎలుకలు అందరిళ్ళల్లో తిరిగేలాంటివి కావు. మా కోడలు రుజువు చేసింది."